ఊదుకు పరిమళమే పని

మా నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో గురువారం నాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత వాడలో నడిచేవారికి ముస్లిం ఇల్లు ఏదో అడగవలసిన అవసరం ఉండదు. గడప దాటి ఊదు పొగ మెల్లగా వీధిలోకి వస్తూ ఉంటుంది. జుమా రాత్రి కోసం ఇల్లు ఊడ్చి, తుడిచి, పిల్లలకు తలంటి, ఊదుదానిలో నాలుగు నిప్పు కణికలు వేసి, వాటిపై చిటికెడు లోబాన్ చల్లడం మన నానీలు, దాదీల కాలం నుండి వస్తున్న అలవాటు. బజారులో ఫకీరు సాహెబు ఒక చేత ధూపపాత్ర, మరో చేత నెమలి ఈకల కట్ట పట్టుకుని దుకాణం దుకాణానికీ పొగ చూపి, ఇచ్చిన నాలుగు డబ్బులు పుచ్చుకుని, దీవించి వెళ్తాడు. ఆ దుకాణదారులలో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు.

ఈ పొగను గురించి మమ్మల్ని ఎవరూ అడగని నెల లేదు. దాదాపు మూడు దశాబ్దాలుగా మదరసాలో హదీసు పాఠాలు చెబుతున్న మాకు రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. పట్నంలో చదివి వచ్చిన యువకులు, ఇంట్లో లోబాన్ వేయడం బిద్అత్ కదా అని అడుగుతారు. పెద్ద వయసు స్త్రీలు, ఏ పొగ వేస్తే ఇంట్లోని గాలి పోతుంది, ఎన్ని గురువారాలు వేయాలి అని అడుగుతారు. మొదటివారు పొగను చూసి భయపడుతున్నారు. రెండవవారు పొగను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. నిజానికి ఇద్దరూ ఒక పిడికెడు చెట్టు జిగురుకు దానికి లేని శక్తిని అంటగడుతున్నారు. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా వ్రాయాలని అనుకున్నాము.

ఊదు, లోబాన్, సాంబ్రాణి

మనం ఊదు అనే మాట అరబీ నుండి వచ్చింది. అరబీలో 'ఊద్' అంటే కర్ర. సుగంధ ద్రవ్యాలలో ఆ పేరు అగరు కర్రకు స్థిరపడింది. అస్సాం అడవులలో పెరిగే అగరు చెట్టు కాండానికి గాయమై, లోపల బూజు పట్టినప్పుడు చెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఒక నల్లని జిగురును ఊరిస్తుంది. ఆ జిగురు నిండిన కర్రే అసలైన ఊద్. అది చాలా ఖరీదైనది. మా పల్లెలలో ఊదు అని పిలిచేది మాత్రం ఆ కర్రను కాదు; నిప్పులపై వేసే లోబాన్‌ను.

లోబాన్ కూడా అరబీ 'లుబాన్' నుండి వచ్చినదే. ఒమన్ దేశంలోని జుఫార్ కొండలలో, యెమెన్‌లో, సోమాలియాలో పెరిగే చెట్టు బెరడుపై గాటు పెడితే కారే పాలవంటి జిగురు గట్టిపడి లుబాన్ అవుతుంది. మన దుకాణాలలో లోబాన్ పేరుతో దొరికే గోధుమరంగు గడ్డలు ఎక్కువగా వేరే చెట్టువి. అవి సుమత్రా వైపు నుండి వచ్చేవి. అరబ్బు వర్తకులు వాటిని 'లుబాన్ జావీ' అన్నారు. పద్నాలుగవ శతాబ్దపు యాత్రికుడు ఇబ్నె బతూతా తన యాత్రా గ్రంథంలో ఈ జావా లుబాన్ చెట్టును గురించి వ్రాశాడు. తెలుగువారు ఈ ధూపద్రవ్యాలను సాంబ్రాణి అన్నారు.

ఇంత దూరం పోనవసరం లేకుండా మన నల్లమలలోనే దాని బంధువు ఉంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ అడవులలో పెరిగే అందుగు చెట్టు, ఒమన్ లుబాన్ చెట్టు ఒకే జాతికి చెందినవి. అందుగు జిగురు కూడా నిప్పుపై వేస్తే మంచి వాసన ఇస్తుంది. యునానీ హకీములు దానిని కీళ్ళ నొప్పుల మందులలో వాడుతారు.

ఈ వివరాలు ఎందుకంటే, మనం దేనిని గౌరవిస్తున్నామో దానిని ముందు ఉన్నది ఉన్నట్లుగా చూడాలి. ఇవి అల్లాహ్ సృష్టించిన చెట్ల జిగుర్లు. వాటిలో పరిమళం ఉంది. కొన్నింటిలో మందు గుణం కూడా ఉంది. ఇవన్నీ ఆయన అనుగ్రహాలే. అయితే వాటిలో ఏ ఒక్కటీ మంచి చెడులను గుర్తుపట్టలేదు, ఎవరి మనసులో ఏముందో చెప్పలేదు.

ముజ్మిర్ అనే బిరుదు

సహీహ్ బుఖారీ పాఠం చెప్పేటప్పుడు వుజూ అధ్యాయంలో ఒక ఉల్లేఖకుని పేరు దగ్గర పిల్లలు ఆగిపోతారు. ఆయన నుఐమ్ అల్ ముజ్మిర్. హజ్రత్ అబూ హురైరా (రజి) వద్ద చాలా కాలం విద్య నేర్చిన తాబియీ. ముజ్మిర్ అంటే ఏమిటి ఉస్తాద్ అని పిల్లలు అడుగుతారు. అరబీలో 'జమ్ర్' అంటే నిప్పు కణిక. ముజ్మిర్ అంటే నిప్పులపై సుగంధ ద్రవ్యం వేసి ధూపం పట్టేవాడు. ఆయన గానీ, ఆయన తండ్రి గానీ మదీనాలోని ప్రవక్త మస్జిదుకు ధూపం వేసే సేవ చేసేవారని, అందుకే ఆ బిరుదు వచ్చిందని హదీసు పండితులు వ్రాశారు. ఒక ధూపం వేసేవాని బిరుదు, పదమూడు వందల ఏళ్ళుగా ప్రపంచంలోని ప్రతి హదీసు పాఠశాలలో వినిపిస్తూనే ఉంది. ఊదు వేయడమే తప్పు అనే యువకులకు మేము ముందు ఈ పేరు చెబుతాము.

సుగంధం మన ధర్మంలో పరాయి వస్తువు కాదు. వాడలలో మస్జిదులు కట్టుకోవాలని, వాటిని శుభ్రంగా, పరిమళభరితంగా ఉంచాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అగరు కర్రతో, ఒక్కోసారి దానిలో కర్పూరం కలిపి ధూపం పట్టుకునేవారు. ప్రవక్త (సఅసం) కూడా ఇలాగే పట్టుకునేవారని చెప్పేవారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. స్వర్గవాసుల ధూపపాత్రలలో అగరు ఉంటుందని కూడా ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు.

ఈ హదీసులన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ధూపం అత్తరు వంటిదే. బట్టలకు, గడ్డానికి, మస్జిదుకు, ఇంటికి మంచి వాసన కలిగించేది. ధూపం పట్టుకున్న స్త్రీ ఆ వాసనతో ఇషా నమాజుకు మస్జిదుకు రావద్దని మరో హదీసులో ఉంది. అంటే దానిని అలంకరణలో భాగంగానే లెక్కించారు. ఫలానా పొగతో జిన్ను పారిపోయిందని, ఫలానా పొగతో దిష్టి ఎవరిదో తెలిసిందని ఈ హదీసులలో ఎక్కడా లేదు.

ఇక నుఐమ్ అల్ ముజ్మిర్ మనకు అందించిన ఆ హదీసులో ఏముందో చూడండి. ఆయన అబూ హురైరా (రజి)తో కలిసి మస్జిదు కప్పు మీదికి వెళ్ళారు. అబూ హురైరా (రజి) వుజూ చేసి, ప్రళయదినాన తన సముదాయం వారు వుజూ గుర్తుల వల్ల ముఖాలు, చేతులు, కాళ్ళు వెలుగుతూ వస్తారని ప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని తెలిపారు. జీవితమంతా పొగ వాసనతో పేరు తెచ్చుకున్న మనిషి మనకు అప్పగించి వెళ్ళినది నీటి మాట. పరిమళం పొగతో వస్తుంది, పరిశుద్ధత నీటితో వస్తుంది అని ఆయన బిరుదూ, ఆయన హదీసూ కలిసి మనకు నేర్పుతున్నాయి.

పొగ ఇచ్చిన తీర్పు

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? వాసన కోసమో, నమ్మకం కోసమో వేసుకుంటే నష్టమేమిటి అని అడిగేవారు ఉన్నారు. వారి కోసం మేము కళ్ళారా చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు అక్కరలేదు.

కొన్నేళ్ళ క్రితం నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుండి మా పూర్వ విద్యార్థి ఒకతను వచ్చి, "ఉస్తాద్, మా ఇంటికి వచ్చి ఒక్కసారి దువా చేయండి" అన్నాడు. అతని భార్య మొదటి కాన్పు. కొడుకు పుట్టాడు. ఛట్టీ జరిగిన నాలుగైదు రోజులకు ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. కారణం లేకుండా ఏడ్చేది. బిడ్డను ఒడిలో పెట్టినా పాలు ఇచ్చేది కాదు. తాను లేకపోతే బిడ్డ బాగుంటాడని ఒక రాత్రి అన్నది. అత్తగారు భయపడి ఎండు మిరపకాయలు, రాళ్ళ ఉప్పు, ఆవాలు దిగదుడిచి నిప్పుల మీద వేసింది. ఉప్పు చిటపటలాడింది. మిరప ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి చాలా గట్టిదని మన ఇళ్ళలో ఒక లెక్క ఉంది కదా. మరి ఎవరి దిష్టి?

ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. ఇంటి పెద్ద కోడలికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. ఛట్టీ నాడు బిడ్డను ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నది ఆమే. వారంలోపు ఆమెను పుట్టింటికి పంపించివేశారు. ఇంటికి ఒక ఆమిల్ వచ్చాడు. ఏడు గురువారాలు గది తలుపులు మూసి, బాలింతపై దుప్పటి కప్పి, లోబాన్, ఇస్పంద్, వేపాకు, మిరప కలిపి పొగ వేయాలన్నాడు. గురువారానికి ఇంత అని పుచ్చుకున్నాడు. మూడవ గురువారం ఆమె స్పృహ తప్పింది. పక్కనే పడుకోబెట్టిన పసివానికి దగ్గు, ఆయాసం మొదలైంది. అప్పుడు ఆ విద్యార్థి మా దగ్గరకు వచ్చాడు.

మేము వెళ్ళేసరికి ఆ గది గోడలు పొగచూరి ఉన్నాయి. అత్తగారు చెడ్డ మనిషి కాదు. తహజ్జుద్ నమాజు కూడా విడవని స్త్రీ. "నా మనవని మీద ఎవరి కన్ను పడ్డదో పొగనే చెప్పింది సాబ్, నేను చెప్పలేదు" అన్నది. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. నోటితో ఒక స్త్రీపై నింద వేయడానికి భయపడే మనిషి, ఆ నిందను పొగతో వేయించింది. పొగకు పరలోకంలో లెక్క లేదు. దాని మాట మీద తీర్పు చెప్పినవారికి ఉంది.

మేము సూరహ్ ఫాతిహా, ఆయతుల్ కుర్సీ, ముఅవ్విజతైన్ చదివి తల్లీ బిడ్డలపై ఊదాము. దువా చేశాము. తరువాత, ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకువెళ్ళనిదే లేవబోమని కూర్చున్నాము. జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో పసివానికి ఛాతీ వైద్యం జరిగింది. కాన్పు తరువాత కొందరు తల్లులకు మనసుకు వచ్చే జబ్బు ఇది, మందులతో, ఇంటివారి ఆదరణతో తగ్గుతుందని డాక్టరు తల్లిని చూసి చెప్పారు. కొన్ని నెలలలో ఆమె కోలుకుంది. అల్‌హందులిల్లాహ్, ఆ బిడ్డ ఇప్పుడు మక్తబ్‌లో ఖాయిదా చదువుతున్నాడు.

పెద్ద కోడలు కూడా తిరిగి వచ్చింది. మామగారే స్వయంగా వెళ్ళి తీసుకువచ్చారు. అయితే ఆమె ఆనాటి నుండి ఏ ఇంటి ఛట్టీకీ, అఖీఖాకూ వెళ్ళదని, ఎవరి బిడ్డనూ ఎత్తుకోదని ఆ విద్యార్థి మాతో చెప్పాడు. తల్లికి మందు దొరికింది, బిడ్డకు మందు దొరికింది. ఆమెకు ఏ మందు ఇవ్వాలో మాకు ఇప్పటికీ తెలియదు.

కన్ను నిజమే, మరి మార్గం?

దిష్టి అబద్ధమని మేము అనడం లేదు. కన్ను తగలడం నిజమని ప్రవక్త (సఅసం) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం రెండింటిలో ఉంది. కానీ ఆయన కాలంలో నిజంగా దిష్టి తగిలినప్పుడు ఆయన ఏం చేశారో చూడాలి. హజ్రత్ సహ్ల్ బిన్ హునైఫ్ (రజి) స్నానం చేస్తుండగా హజ్రత్ ఆమిర్ బిన్ రబీఆ (రజి) చూసి, ఆయన శరీర వర్ణాన్ని ఎంతగానో మెచ్చుకున్నారు. సహ్ల్ (రజి) అక్కడికక్కడే కుప్పకూలారు. ఎవరినైనా అనుమానిస్తున్నారా అని ప్రవక్త (సఅసం) అడిగితే, ఆ మాట అన్న ఆమిర్ (రజి) పేరు చెప్పారు. ప్రవక్త (సఅసం) ఆయనను మందలించి, నచ్చినది చూసినప్పుడు శుభం కోసం ఎందుకు ప్రార్థించలేదని అడిగారు. ఆయనను కడుక్కోమని చెప్పి, ఆ నీటిని సహ్ల్ (రజి)పై పోయించారు. ఆయన లేచి నిలబడ్డారు.

ఈ సంఘటనలో మూడు విషయాలు మన ఇళ్ళకు పాఠాలు. కన్ను తగిలింది శత్రువుది కాదు, బద్ర్‌లో పాల్గొన్న ఒక సహాబీది. అసూయతో కాదు, మెచ్చుకోలుతో. ఆయన పేరు బయటికి వచ్చింది పొగ వల్ల కాదు, అందరి ఎదుట ఆయన పలికిన మాట వల్ల. ఇక చికిత్స నీరు, దువా. ఆ తరువాత ఇద్దరూ మునుపటిలాగే సోదరులు. మన ఇళ్ళలో మాత్రం దిష్టి ఎప్పుడూ బలహీనుల మీదికే పోతుంది. పిల్లలు లేని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, పేద బంధువు. ధనవంతుడైన మేనమామ కన్ను తగిలిందని ఏ ఇంట్లోనూ మిరపకాయ చెప్పినట్లు మేము వినలేదు.

మిరప ఘాటు రాకపోవడానికి కారణం ఎవరి కన్నూ కాదు. మందమైన నిప్పు మీద మిరప మాడితే ఘాటు లేస్తుంది. మంట పట్టి భగ్గున కాలిపోతే ఘాటు కూడా కాలిపోతుంది. తలుపు తెరిచి ఉంటే గాలితో పోతుంది. ఉప్పు చిటపటలాడేది దాని గడ్డలలో చిక్కుకున్న చిన్న నీటి తేమ వేడికి ఆవిరై పగలడం వల్ల. దిష్టి లేని ఇంట్లో కూడా అది అలాగే పగులుతుంది. ఇది వంటగదిలో ఏ ఇల్లాలైనా పరీక్షించుకోగల విషయం. ఇటువంటి దానిని సాక్షిగా నిలబెట్టి ఒక విశ్వాసురాలిని దోషిని చేయడం ఎంత పెద్ద అన్యాయం! అనుమానాలకు ఎక్కువగా పోవద్దని, కొన్ని అనుమానాలు పాపాలని అల్లాహ్ సూరహ్ హుజురాత్ 12వ ఆయతులో హెచ్చరించాడు.

బాధించే చికిత్సలను గురించి కూడా మనకు స్పష్టమైన మార్గదర్శనం ఉంది. హజ్రత్ ఉమ్మె ఖైస్ (రజి) తన పసివానికి గొంతు జబ్బు చేస్తే, అప్పటి ఆచారం ప్రకారం గొంతులో వేలు పెట్టి నొక్కి తీసుకువచ్చారు. పిల్లలను ఇలా ఎందుకు హింసిస్తున్నారని ప్రవక్త (సఅసం) అడిగి, 'ఊద్ హిందీ' వాడమన్నారు. పొగ వ్యాపారులు ఈ హదీసు సగమే చెప్పి, చూశారా, ఊదులో ఏడు రోగాలకు మందు ఉందని ప్రవక్తే చెప్పారు అంటారు. ఆ హదీసులోని ఊద్ హిందీ మన లోబాన్ కాదు. అది ఖుస్త్, హిమాలయాలలో పెరిగే ఒక మొక్క వేరు. దానిని ముక్కులో వేయడం, నోటి పక్కన పోయడం చెప్పారు. మందును మందుగా వాడమన్నారు, పిల్లవానిని హింసించడం ఆపమన్నారు. దుప్పటి కప్పి పొగ వేసేవారికి ఈ హదీసు ఆధారం కాదు, మందలింపు.

మూర్ఛ వచ్చి పడిపోయే ఒక స్త్రీ ప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి దువా కోరిన సంగతి కూడా బుఖారీలో ఉంది. ఆయన ఆమెను కసరలేదు, ఆమె వెనుక ఎవరి చేయి ఉందని ఆరా తీయలేదు. ఓర్చుకుంటే స్వర్గం, కోరితే స్వస్థత కోసం దువా చేస్తానని ఆమెకే ఎంపిక ఇచ్చారు. ఆమె ఓర్పును ఎంచుకుని, పడిపోయినప్పుడు తన వస్త్రం తొలగకుండా దువా చేయమని మాత్రం కోరింది. రోగి గౌరవం ఎంత ముఖ్యమో ఆ కోరికలో ఉంది. వైద్యం చేయించుకోమని, ముసలితనం తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని కూడా ఆయనే బోధించారు.

ఇంట్లో పాటించవలసినవి

ఇప్పుడు ఇల్లాళ్ళకు నాలుగు మాటలు. లోబాన్ వేసుకోండి. ఇల్లు శుభ్రం చేసుకుని, జుమా గౌరవార్థం, అతిథి గౌరవార్థం, మంచి వాసన కోసం వేసుకోండి. ఈ ఉద్దేశంతో వేసినంతవరకు అది సున్నత్‌కు దగ్గరి అలవాటే. ఫలానా వారమే వేయాలి, వేయకపోతే కీడు అనే భావన మనసులో ఉంటే మాత్రం ఆ వారం మానివేయండి. కీడు రాదని మనసుకు అదే నేర్పుతుంది. సఫర్ నెలలో తేరా తేజీ పేరుతో భయపడి పొగలు వేసే ఇళ్ళు మా వైపు ఇంకా ఉన్నాయి. సఫర్ నెలలో అపశకునం లేదని ప్రవక్త (సఅసం) స్పష్టంగా చెప్పారు.

పొగ వేసేటప్పుడు కిటికీ, తలుపు తెరవండి. చిల్లాలో ఉన్న బాలింతను, పసివానిని పొగ గదిలో ఉంచకండి. స్నానం తరువాత తల ఆరబెట్టడానికి సాంబ్రాణి పొగ పట్టడం మన ప్రాంతంలో అన్ని మతాలవారిలో ఉంది. ఆ పని ఎండతో, పొడి తువ్వాలుతో కూడా జరుగుతుంది. దమ్ము ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు ఉన్న ఇంట్లో పువ్వులతో, అత్తరుతో సరిపెట్టుకోండి. మూసిన గదిలో బొగ్గు నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. ఇళ్ళలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని, వారిలో 2,37,000 మందికి పైగా ఐదేళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అది వంట పొగ లెక్కే. కానీ పసివాని ఊపిరితిత్తులకు వంట పొగ, ఊదు పొగ అనే భేదం తెలియదు.

పడుకునే ముందు ఊదుదానిలోని నిప్పులు నీళ్ళు చల్లి ఆర్పండి. ఒక రాత్రి మదీనాలో ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువు, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయండి అనే భావంలో ప్రవక్త (సఅసం) ఉపదేశించారు. అది కూడా ధూపానికి సంబంధించిన సున్నతే. దానిని మనం ఎక్కువగా మరచిపోతాము.

ఇంటికి రక్షణ కావాలంటే అల్లాహ్ నేర్పిన మార్గం ఖర్చు లేనిది. ప్రవక్త (సఅసం) ప్రతి రాత్రి పడకపై సూరహ్ ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ చదివి అరచేతులలో ఊది శరీరమంతా తుడుచుకునేవారు. హసన్, హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు కోరేవారు. తమ పితామహులు ఇబ్రాహీం (అలై) కూడా తమ కుమారుల కోసం ఇలాగే కోరేవారని చెప్పేవారు. సూరహ్ బఖరా పఠించే ఇంటి నుండి షైతాను పారిపోతాడని హదీసులో ఉంది. వీటికి ఆమిల్ అక్కరలేదు. తల్లి నోరు చాలు. పరాయి స్త్రీని మూసిన గదిలో కూర్చోబెట్టి, పొగ వేసి, డబ్బు అడిగేవాని గడప తొక్కకండి. వానిని మీ గడప తొక్కనివ్వకండి.

కాన్పు తరువాత తల్లి రెండు వారాలు దాటినా దిగులుగా, నిద్ర లేకుండా, బిడ్డకు దూరంగా ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. చనిపోతానని అంటే, లేనిపోని మాటలు వినిపిస్తున్నాయంటే ఒక్క రోజు కూడా ఆగకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. మందు తెచ్చుకోవడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు.

చివరగా ఇంటి యజమానులకు ఒక మాట. ఇల్లు దేనితో మలినమవుతుంది? హరాం సంపాదనతో, వడ్డీ డబ్బుతో, గీబత్‌తో, ఆడపిల్లకు ఇవ్వని వారసత్వపు వాటాతో, గొడ్రాలు అన్న ఒక్క మాటతో. ఈ మలినాలు ఏ లోబాన్‌తోనూ పోవు. పశ్చాత్తాపపడి మరలేవారిని, పరిశుద్ధంగా ఉండేవారిని అల్లాహ్ ప్రేమిస్తాడని సూరహ్ బఖరా 222వ ఆయతులో ఉంది. మొదట తౌబా, తరువాత శుభ్రత. నీ వల్ల నొచ్చుకున్న స్త్రీ నీ ఇంట్లోనే ఉంటే, ముందు ఆమెను క్షమించమని అడుగు. ఊదు ఆ తరువాత వేసుకోవచ్చు.

ఓ అల్లాహ్! మా ఇళ్ళను నీ స్మరణతో పరిమళింపజేయి. మా నాలుకలను నిందల నుండి కాపాడు. సంతానం లేని మా సోదరీమణుల మనసులకు ఊరట కలిగించు. మా పసివారి ఊపిరిని కాపాడు. ఆమీన్.